వెదురులో ఉన్నవాళ్ళ ఇంటిపేరు

వెదురు నరకబోయే ముందు మా అవ్వ థ్రిలిబోన్ దాన్ని మూడుసార్లు తడుతుంది. కత్తి పదునుతో కాదు, వీపుతో. తట్టి, చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి వింటుంది. ఏ అలికిడీ లేకపోతే నాలుగు వేట్లలో వెదురు నేల మీద పడుతుంది. లోపల సన్నగా కిచకిచమన్నదా, ఆ బొంగుకు ఆయుష్షు పెరిగినట్టే. అప్పుడు అవ్వ నోరు దగ్గర పెట్టి, వాకిట్లో నిలబడ్డ కొత్త చుట్టాన్ని పలకరించినట్టు అడుగుతుంది.

"ఎవరమ్మా లోపల? మీ కుర్ ఏది?"

కుర్ అంటే తల్లి వైపు వంశం. మా ఖాసీ కొండల్లో ఇంటిపేరు తల్లి నుంచే వస్తుంది, తండ్రి నుంచి కాదు. ఇద్దరు కొత్తవాళ్ళు దారిలో కలిస్తే ముందు వక్కాకు, వెంటనే ఈ ప్రశ్న. అడిగేవాళ్ళు ముందు తమ కుర్ చెప్పుకొని, తర్వాత ఎదుటివాళ్ళది అడగాలి. అది మర్యాద. ఇద్దరిదీ ఒకే కుర్ అని తేలితే అన్నాచెల్లెళ్ళ లెక్క. అలాంటి ఇద్దరు మనసుపడ్డారంటే, ఇంటి మీద పిడుగు పడ్డా అంత నష్టం ఉండదు.

అవ్వ మాత్రం ఆ మర్యాదలో సగమే పాటించేది. బొంగు లోపలుండే గబ్బిలాల కుర్ అడిగేది, తనది చెప్పేది కాదు. చెప్పడానికి ఆమెకు లేదు మరి.

ఆ గబ్బిలాలు బొటనవేలంత ఉంటాయి. ఎవరో పీటనుకొని కూర్చుని లేచినట్టు తల చప్పిడిగా ఉంటుంది. పురుగు తొలిచిన సన్నటి చీలికలోంచి నాలుగైదు కలిసి లోపలికి జారుకొని కాపురం పెడతాయి. బొటనవేళ్ళ కిందా, అరికాళ్ళ కిందా నానిన సబ్జా గింజల్లాంటి మెత్తలుంటాయి. నున్నటి వెదురు గోడకు వాటితోనే అతుక్కుంటాయి. మా ఉమ్‌త్లాంగ్ ఊళ్ళో వెదురు కొట్టేవాళ్ళు ఇరవై మందికి తక్కువ లేరు గానీ, వాటి సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు తాత బొర్‌సింగ్, రెండోది అవ్వ. తట్టి వినడం నేర్పింది తాత. కుర్ అడగడం అవ్వ సొంత పైత్యం.

"అవి జవాబు చెప్పాయా?" అని ఇంట్లో చిన్నవాళ్ళు అడిగితే, "చెప్పాయి. మీకంటే మర్యాదగా చెప్పాయి" అనేది.

అవ్వ వయసు డెబ్బై నాలుగని అవ్వ అంటుంది, అరవై తొమ్మిదని ఓటరు కార్డు అంటుంది. ఇద్దరిలో మాట మార్చనిది కార్డే. ఏదేమైనా ఆమె పుట్టకముందు సంగతి ఇది: ఆమె తండ్రి వెదురు తెప్ప కట్టుకొని ఏటి వెంట మైదానానికి దిగాడు. తెప్ప అమ్మేశాడు, పెళ్ళాంతో తిరిగొచ్చాడు. బయటి పిల్లను తెచ్చుకుంటే మా దగ్గర ఒక తంతు ఉంది. పెద్దలు కూర్చుని, బియ్యం, కోడిపుంజు, సొరబుర్రలో సారా పెట్టుకొని, ఆ పిల్ల నుంచి కొత్త కుర్ మొదలైనట్టు దేవుడికి విన్నవిస్తారు. దాన్ని తాంగ్‌జైత్ అంటారు. ఆ పిల్ల ఆ వంశానికి మూలపుటమ్మ అవుతుంది. "వచ్చే చలికాలం చేద్దాం" అన్నాడట తండ్రి. ఆ వానల్లోనే చెట్టు విరిగి మీద పడి చనిపోయాడు. మరో మూడేళ్ళకు తల్లి జ్వరంతో పోయింది. మిగిలింది మూడేళ్ళ పిల్ల, ఒక కంచు గిన్నె. ఆవనూనె వాసన వేసే ఒక చెయ్యి తల మీద నిమిరినట్టు అవ్వకు గుర్తు. మొహం గుర్తు లేదు. పేరు కూడా ఎవరూ సరిగా చెప్పలేకపోయారు. ఊరంతా ఆమెను మైదానప్పిల్ల అనే పిలిచింది.

మేనత్త పెంచింది. పెళ్ళి మాటలప్పుడు బొర్‌సింగ్ తల్లి ఆకు నములుతూ నములుతూ ఆగిపోయిందట. "కుర్ లేని పిల్లా? పుట్టగొడుగుకైనా కింద ఏదో వేరుంటుంది కదే!" బొర్‌సింగ్ మెత్తటివాడు. "తాంగ్‌జైత్ చేయిద్దాంలే. నువ్వే మూలపుటమ్మవు అవుతావు, ఇంకేం కావాలి?" అన్నాడు. దానికి థ్రిలిబోన్ ఒప్పుకోలేదు.

"కొత్త కుర్ కట్టేది ఎవరూ లేనివాళ్ళకి. మా అమ్మకి ఎవరూ లేరని నీకెవరు చెప్పారు? ఆమెకీ ఒక అమ్మ ఉండే ఉంటుంది. కింద ఎక్కడో వాళ్ళు ఇంకా ఎదురు చూస్తూ ఉంటారు. నేను ఇక్కడ కొత్త పేరు పెట్టుకుంటే వాళ్ళకి తలుపు మూసేసినట్టే."

అలా యాభై ఏళ్ళు మూయకుండా ఉంచింది ఆ తలుపు. వారం సంతలో కొండవాళ్ళ వరస ఒకటి, మైదానం నుంచి ఎండుచేపలూ ఆవనూనే తెచ్చేవాళ్ళ వరస ఒకటి. బుట్టలన్నీ అమ్ముడుపోయాక అవ్వ కంచు గిన్నెను కొంగులో పెట్టుకొని ఆ రెండో వరసలోకి వెళ్ళి కూర్చునేది. ఎండుచేపలు బేరమాడుతున్నట్టు నటిస్తూ ఆడవాళ్ళ ముక్కులు చూసేది. తన ముక్కు కొంచెం ఎడమకు వాలి ఉంటుంది. అలాంటి ముక్కు ఎవరికైనా ఉంటే గిన్నె బయటికి తీసి, "ఇలాంటిది మీ ఊళ్ళో చేస్తారా?" అని అడిగేది. ఒకసారి ఎడమకు వాలిన ముక్కు ఒకటి దొరికింది కూడా. తీరా చూస్తే అది చిన్నప్పుడు మెట్ల మీద పడి వాలిన ముక్కు.

తాత పోయాక అవ్వకు ఇంకో దిగులు పట్టుకుంది. మాలో పాత మతం పట్టుకున్నవాళ్ళం మనిషిని దహనం చేసి, ఎముకలు ఏరి, తల్లి వంశపు రాతిగూట్లో పెడతాం. మొగుడూ పెళ్ళాం ఎన్నేళ్ళు కాపురం చేసినా ఎముకలు ఎవరింటికి వారివి వెళ్ళిపోతాయి. బొర్‌సింగ్ ఎముకల్ని అతని అక్కచెల్లెళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. అది పద్ధతి, అవ్వ ఏడవలేదు. ఏటి దాకా సాగనంపి వెనక్కి వచ్చింది. ఆ సాయంత్రం పొయ్యి దగ్గర కూతురు దాఫిషాను అడిగింది: "నావి ఏ రాతిలో పెడతావే?"

తల్లికి లేని కుర్ కూతురికి ఎక్కడి నుంచి వస్తుంది? కూతురి కూతురికి ఎక్కడి నుంచి వస్తుంది? దాఫిషా పెద్దపిల్లకు సంబంధం వస్తే, వచ్చినవాళ్ళు వక్కాకు వేసుకున్నారు, కుర్ అడిగారు, వర్షం వచ్చేలా ఉందని లేచి వెళ్ళిపోయారు. ఆకాశం అద్దంలా ఉంది ఆ రోజు.

ఊరిపెద్ద ఖ్రాబోక్ తాతకు మేనల్లుడు. నెలకోసారి వచ్చి గడపలో కూర్చునేవాడు.

"అత్తా, ఇకనైనా ఒప్పుకో. మామ తరఫున నేనే చేయిస్తాను. నీ తాంగ్‌జైత్ కోసం పెంచిన పుంజులు మూడు తరాలు ముసలివై చచ్చాయి."

"అవి నీ ఇంట్లో కూర తినలేక చచ్చాయి. వెళ్ళు, వెళ్ళు."

ఆ ఏడు వానలు వెనకపట్టాక ఖ్రాబోక్ ఒంటరిగా రాలేదు. అతని వెనక మైదానం మనిషి ఒకామె ఉంది. నలభై ఏళ్ళుంటాయి, వీపు మీద పెద్ద సంచీ. పేరు మొంజులా బొరా. షిల్లాంగ్‌లో చదివినప్పుడు నేర్చుకున్న ఖాసీ, కుంటుతూనైనా గమ్యం చేరేది.

"అత్తా, నీకు జోడీ దొరికింది. ఈవిడ కూడా గబ్బిలాల కుర్ కనుక్కోవడానికే వచ్చింది" అన్నాడు ఖ్రాబోక్.

అవ్వ ముందు ఆమె ముక్కు చూసింది. తిన్నగా ఉంది. నిట్టూర్చి వక్కాకు అందించింది.

"దీనికి నీకు జీతమిస్తారా అమ్మాయ్?"

"ఇస్తారు అవ్వా."

"అయ్యో! యాభై ఏళ్ళు నేను ఊరికే అడిగానా!"

మర్నాడు పొద్దున్నే తోపుకు వెళ్ళారు. అవ్వ తట్టుకుంటూ పోయింది. తొమ్మిదో వెదురు దగ్గర చెయ్యి ఎత్తి అందర్నీ ఆపింది. మొంజులా చీలికకు గుడ్డసంచీ మూతి కట్టి, బొంగును మెల్లగా తడుతూ కూర్చుంది. కాసేపటికి ఒకటి, రెండు, మొత్తం ఏడు సంచీలోకి జారాయి. ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకొని రెక్క ఎముక కొలిచింది, తూచింది, భూతద్దంతో వేళ్ళ కింది మెత్తలు చూసింది, సన్నటి పుల్లతో నోరు తెరిచి పళ్ళు లెక్కపెట్టింది. తన దగ్గరున్న పుస్తకంతో సరిచూసుకుంది. మొహం మీద చెమట.

"ఏమంటుంది నీ పుస్తకం?"

"బర్మా వైపు ఒక రకం ఉంది అవ్వా, కొంచెం ఇలాగే. కానీ దాని పళ్ళు వేరు, ఒంటి రంగు వేరు. ఇది పుస్తకంలో ఉన్నట్టు లేదు."

"పుస్తకంలో లేకపోతే లేనట్టేనా?"

"కాదు. పుస్తకం తప్పేమో చూడాలి."

ఆ మాట అవ్వకు నచ్చింది. మొంజులా ప్రతిదాని రెక్క పొరలోంచి ఆవగింజంత ముక్క తీసి, స్పిరిటున్న బుల్లి సీసాల్లో వేసి, అంకెల వారీగా పెట్టెలో సర్దుతుంటే పక్కన చేరింది.

"వారంలో పూడుకుపోతుందిలే అవ్వా. నొప్పి ఉండదు."

"అది కాదు. ఈ ముక్కతో ఏం చేస్తావు?"

మొంజులా మాటలు వెతుక్కుంది. "ప్రతి ప్రాణి ఒంట్లో దారం లాంటిది ఒకటి ఉంటుంది. అది తండ్రి నుంచి రాదు, తల్లి నుంచే వస్తుంది. ఆమెకు వాళ్ళమ్మ నుంచి, ఆమెకు వాళ్ళమ్మ నుంచి. ఆ దారాన్ని చదివితే ఇది ఎవరి సంతానమో, దీని చుట్టాలెవరో తెలుస్తుంది."

అవ్వ తోపు దద్దరిల్లేలా నవ్వింది. "ఖ్రాబోక్! విన్నావుట్రా? అంత చదువూ చదివి, అంత దూరం తిరిగి, చివరికి తల్లి ఎవరని అడగాలని తెలుసుకున్నారు! మనల్ని అడిగితే ముందే చెప్పేవాళ్ళం కదరా!"

నవ్వు ఉన్నట్టుండి ఆగింది.

"తల్లి ఎవరో ఎవరికీ తెలియకపోయినా తెలుస్తుందా అమ్మాయ్?"

"తెలుస్తుంది అవ్వా" అంది మొంజులా, గబ్బిలం గోళ్ళు సంచీ గుడ్డ నుంచి విడదీస్తూ.

ఆరింటిని తిరిగి వెదురు దగ్గర వదిలింది. ఒక ఆడదాన్ని మాత్రం ఉంచుకుంది. అక్కడ అవ్వకు కోపమొచ్చింది.

"దాన్ని చంపుతావా?"

"ఒక్కటి కావాలి అవ్వా. లేకపోతే ఇలాంటిది ఉందని ఎవరూ నమ్మరు."

"దాని ఎముకలు ఏ రాతిలో పెడతావు?"

"గాజు సీసాలో, మ్యూజియంలో. పక్కన ఈ ఊరి పేరు, తేదీ రాసి ఉంటాయి. ఒకవేళ ఇది కొత్తదని తేలితే ఇదే మొదటిది. ఇకమీద ఎవరికి ఎక్కడ ఇలాంటిది దొరికినా దీని దగ్గరికే వచ్చి పోల్చుకోవాలి."

అవ్వ ఆ గబ్బిలం వైపు చాలాసేపు చూసింది.

మధ్యాహ్నం మా ఇంట్లోనే భోజనం. దాఫిషా అన్నం, ఎండుచేప పచ్చడి వడ్డిస్తోంది. మొంజులా చేతులు కడుక్కోవడానికి ఏటికి వెళ్ళింది. పెట్టె గడప పక్కన మూత తెరిచే ఉంది. ఏడు సీసాల్లో ముక్కలు, ఎనిమిదో సీసాలో ఉత్త స్పిరిటు. అవ్వ వక్కలు కోసే కత్తి తీసుకుంది, చిటికెన వేలి కొసన ఆవగింజంత తోలు కోసింది, ఎనిమిదో సీసాలో వేసి మూత బిగించింది. ఎంత చకచకా చేసిందంటే, జీవితమంతా ఆ పనే చేసినట్టు.

"వేలికి ఏమైందమ్మా?" అంది దాఫిషా గిన్నె దించుతూ.

"వక్క కోస్తుంటే తెగింది."

"డెబ్బై ఏళ్ళలో ఎప్పుడూ తెగలేదే!"

"ముసలిదాన్నయ్యానని నువ్వేగా రోజూ అంటావు? ఇప్పుడు కాదంటావా?"

మొంజులా వెళ్ళిపోయింది. ఎన్నాళ్ళకు తెలుస్తుందంటే ఏడాది పట్టవచ్చని చెప్పింది. పద్నాలుగు నెలలు పట్టింది.

ఆ పద్నాలుగు నెలలూ అవ్వ అదోలా ఉంది. సంతకు వెళ్ళేది గానీ మైదానం వరసలోకి వెళ్ళేది కాదు. "ఇంకెందుకు, కబురు వస్తుందిగా" అనేది. ఏ కబురో చెప్పేది కాదు. కంచు గిన్నెను బూడిద పెట్టి తోమి తోమి, మొహం చూసుకునేలా చేసింది. కింద నుంచి బస్సు వచ్చే వేళకు వాకిలి ఊడ్చేది. ఒక రోజు దాఫిషాతో అంది: "మైదానంలో వాళ్ళు వక్క పచ్చిది తింటారా, నానబెట్టింది తింటారా?" ఇంకో రోజు: "వాళ్ళు వస్తే ఎక్కడ పడుకోబెడతాం?" ఎవరు వస్తారమ్మా అంటే, "వచ్చేవాళ్ళు" అనేది. వెదురు తోపులో మాత్రం తట్టడం మానలేదు. లోపల కిచకిచమంటే ఇప్పుడు వేరేలా పలకరించేది: "మీది తెలిసిపోతుందటలే. నాది కూడా."

మళ్ళీ చలికాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం బస్సు దిగి మొంజులా వచ్చింది. చేతిలో కాగితాలు. వెనకే ఖ్రాబోక్, ఊళ్ళోవాళ్ళు ఇంకో నలుగురు. అవ్వ లేచి, మూలన పెట్టిన ఉతికిన గుడ్డ భుజాన వేసుకుంది.

"కొత్తదే అవ్వా!" అంది మొంజులా కూర్చోకుండానే. "పళ్ళు, తల ఎముక, తల్లి దారం, మూడూ అదే చెప్పాయి. ప్రపంచంలో ఎవరూ ఇంతవరకు రాయలేదు. కొత్త పేరు పెడుతున్నాం."

ఊళ్ళోవాళ్ళు ఈలలు వేశారు. అవ్వ ఆగింది. ఈలలు తగ్గాక మెల్లగా అడిగింది.

"ఎనిమిదో సీసా?"

మొంజులా ఆమె వైపు చూసింది, చిటికెన వేలి మీది సన్నటి గీత వైపు చూసింది. "నువ్వా అవ్వా!" అంది. "నా రాతలో ఏడే ఉన్నాయి, సీసాలు ఎనిమిది వచ్చాయి. రాయడం మరిచిపోయానేమో అని దాన్నీ చదివారు. మనిషి అని వచ్చింది! అజాగ్రత్తగా పనిచేశానని నాకు ఎన్ని చీవాట్లు పడ్డాయో తెలుసా?"

ఖ్రాబోక్ పొట్ట పట్టుకొని నవ్వాడు. "అత్తా! నువ్వు మనిషివని పెద్ద యంత్రం చెప్పింది! మామ బతికుంటే నమ్మేవాడు కాదు!"

అవ్వ నవ్వలేదు. దాంతో నవ్వుతున్నవాళ్ళందరూ ఒక్కొక్కరే ఆగారు.

"మా అమ్మ కుర్ ఏమని వచ్చింది?" అంది.

అప్పుడు గానీ మొంజులాకు అర్థం కాలేదు. మోకాళ్ళ మీద కూర్చుంది.

"అవ్వా, ఆ దారం అలా చెప్పదు. గబ్బిలాలకైతే ఇది ఈ రకం, అది ఆ రకం అని చెబుతుంది. మనుషులందరం ఒకటే రకం. నీ సీసా మనిషి అంది, అక్కడితో ఆగిపోయింది. ఇంకా లోతుగా చదివినా వేల ఏళ్ళ కిందటి సంగతేదో వస్తుంది. ఊరు రాదు. ఇంటిపేరు రాదు. మీ అమ్మ పేరు రాదు."

"ఏదీ రాదా?"

"రాదు."

అవ్వ తోమి ఉంచిన కంచు గిన్నెను దగ్గరికి లాక్కుంది. దాన్ని ఒళ్ళో బోర్లించుకొని దాని మీద చెయ్యి పెట్టుకు కూర్చుంది. పొయ్యి మీద టీ పొంగింది. దాఫిషా దించింది. అందరూ తాగారు. అవ్వ తాగలేదు.

గిన్నె అడుగు నిమురుతూ, "అయితే దానికీ ఎవరూ లేరన్నమాట" అంది. "కొత్త పేరు పెడుతున్నారంటే."

"ఎవరికి?"

"వెదురులో ఉన్నదానికి."

"ఎందుకు లేరు? ఉన్నారు! బర్మాలో ఉన్నారు, ఇంకా అవతల వియత్నాంలో ఉన్నారు, అక్కాచెల్లెళ్ళ పిల్లల్లాంటివాళ్ళు. వీళ్ళు ఎప్పుడో వేరుపడి ఇక్కడికొచ్చారు. వేరు కాపురం కాబట్టి వేరే పేరు."

"కొత్త పేరు పెడితే ఆ చుట్టరికం తెగిపోదా?"

"పేరు పెట్టకపోతేనే అవ్వా చిక్కు. ఇన్నాళ్ళూ ఇక్కడ ఇది ఉందనే ఎవరికీ తెలియదు, ఇంక చుట్టమని ఎవరు రాస్తారు? ఇప్పుడు రాశాం చూడు." మొంజులా ఒక కాగితం విప్పి చూపించింది. దాని మీద కొమ్మలు కొమ్మలుగా గీతలు. ఒక కొమ్మ చివర ఉమ్‌త్లాంగ్ గబ్బిలం, పక్క కొమ్మల మీద దూరదేశపువి. "ఇది కొత్త కొమ్మ. కానీ ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరి పక్కన ఉందో ఇందులోనే ఉంది."

అవ్వకు చదవడం రాదు. వేలితో ఆ కొమ్మ మొదలు దాకా వెనక్కి వెళ్ళింది. అక్కడ రెండు గీతలు కలిసేచోట వేలు ఆపి ఉంచింది.

"ఇక్కడ ఉన్నది ఎవరు?"

"వాళ్ళ అమ్మ. పేరు తెలియదు. ఎవరూ చూడలేదు."

"కానీ గీశారు."

"గీయాలి కదా అవ్వా. ఆమె లేకపోతే వీళ్ళెక్కడి నుంచి వస్తారు?"

అవ్వ కాగితం మడిచి తిరిగిచ్చింది. ఆ రాత్రి మొంజులా మా ఇంట్లోనే పడుకుంది, ఎవరో వస్తారని అవ్వ సిద్ధం చేసిన పక్క మీద. తెల్లారి ఆమెను బస్సెక్కించి, అవ్వ తిన్నగా ఖ్రాబోక్ ఇంటికి వెళ్ళింది.

"పుంజు ఉందా?"

ఖ్రాబోక్ పళ్ళు తోముకుంటున్నాడు. పుల్ల కింద పడింది. "ఉంది అత్తా! నాలుగో తరం!"

"బాగా మేపు. కూర మాత్రం నీ పెళ్ళాం వండకూడదు."

పది రోజులకు తంతు జరిగింది. తాత తరఫు పెద్దలు వచ్చారు. బియ్యం పోశారు, సొరబుర్రలోంచి సారా ధార వంచారు, పుంజు కత్తి కింద దాని పని అది చేసింది. మైదానం నుంచి వచ్చిన తల్లి సంతానానికి మాలో పేరు ముందు ఖార్ అని చేరుస్తారు. తర్వాతి ముక్క ఏం పెట్టాలని పెద్దాయన అడిగితే, "సియెజ్" అంది అవ్వ. సియెజ్ అంటే వెదురు. "మా నాన్న వెదురు తెప్ప మీద వెళ్ళి ఆమెను తెచ్చాడు. నేను వెదురు కొట్టి బతికాను. ఇంకేం పెడతావు?" ఖార్‌సియెజ్ కుర్ అలా మొదలైంది. మూలపుటమ్మగా నీ పేరు చెప్పమన్నాడు పెద్దాయన. అవ్వ తల అడ్డంగా ఊపింది. "నేను కాదు. మా అమ్మ. పేరు తెలియదు. ఆమె ఉందని చెప్పండి, చాలు." పెద్దాయన గడ్డం గోక్కున్నాడు. పేరు లేని తల్లికి ఆయన ఎప్పుడూ విన్నవించి ఉండడు. చివరికి మైదానపు తల్లి అన్నాడు దేవుడితో. దేవుడు అభ్యంతరం చెప్పలేదు.

ఏటి పక్కన గట్టు మీద నాలుగు పలకరాళ్ళు నిలబెట్టి, పైన ఒకటి మూశారు. ఖాళీ గూడు. అవ్వ లోపల తల దూర్చి చూసింది. "కొంచెం ఇరుకు" అంది. "నువ్వేమన్నా సంసారం పెడతావా అత్తా అందులో?" అన్నాడు ఖ్రాబోక్. "వెనక చాలామంది రావాలి కదరా" అంది అవ్వ.

ఇప్పుడు తోపులో వెదురు తట్టినప్పుడు లోపల అలికిడి వినిపిస్తే, మర్యాద మొత్తం పాటిస్తుంది. "మేం ఖార్‌సియెజ్ వాళ్ళం" అని ముందు చెప్పుకుంటుంది. "మీది మాకు తెలుసులే" అని నవ్వుకుంటూ పక్క బొంగు దగ్గరికి వెళుతుంది. దాఫిషా పెద్దపిల్లకు సంబంధం వచ్చినవాళ్ళు ఈసారి వాన నెపం పెట్టకుండా సాయంత్రం దాకా కూర్చున్నారు. ఆ రోజు నిజంగానే వాన పడింది.

తంతు అయిన వారానికి సంత. బుట్టలు అమ్ముడుపోయాక అవ్వ కొంగులోంచి కంచు గిన్నె తీసింది, మైదానం వరసలోకి నడిచి ఎండుచేపల బుట్ట ముందు కూర్చుంది. ఖ్రాబోక్ చూసి వెనకే వచ్చాడు.

"ఇంకా ఎందుకత్తా? కుర్ వచ్చింది, రాతిగూడు వచ్చింది. ఇంకా ఆ ముక్కులెందుకు?"

అవ్వ చేపలమ్మే ఆమె మొహం నుంచి చూపు తిప్పలేదు.

"నాకోసం ఎవరైనా వెతుక్కుంటూ కొండెక్కి వస్తే, ఏ ఇంటివాళ్ళని అడగాలో ఇన్నాళ్ళూ వాళ్ళకి తెలియలేదు కదరా. ఇప్పుడు చెప్పి వెళదామని."

గిన్నెను ఎండకు తిప్పి పట్టుకుంది.

"అమ్మాయ్" అంది. "మేం ఖార్‌సియెజ్ వాళ్ళం. ఉమ్‌త్లాంగ్. ఏటి పక్క ఇల్లు. ఇలాంటి గిన్నె మీ ఊళ్ళో చేస్తారా?"